చేతులు కాలాక

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమంటారు.
పదమూడేళ్ళుగా కాలిన పిల్లల వార్డులో
రాత్రి డ్యూటీ చేస్తున్నాను,
నాకా సామెత నచ్చదు.
ఆకులొద్దు, నిజమే.
చెయ్యాల్సింది మొదలయ్యేదే కాలాక.

మే నెల. జాలారిపేట.
గంజి వారుస్తున్న నానమ్మ కుచ్చిళ్ళు
వెనక నుంచి పట్టుకున్నాడు ఎల్లాజీ,
మూడేళ్ళవాడు. సిబ్బి జారింది.
నూకరత్నం వాణ్ణి ఎత్తుకొచ్చేసరికి
భుజం మీద తెల్లగా టూత్‌పేస్టు,
దాని మీద నీలంగా సిరా,
ఆ పైన పక్కింటి జాలి కొద్దీ కోడిగుడ్డు సొన.
వీధి వీధంతా వైద్యం చేసి పంపింది.
చల్లబడంది పిల్లాడి భుజమొక్కటే.

"నీళ్ళు పొయ్యలేదా అమ్మా?"
"బొబ్బలెక్కుతాయన్నారు తల్లీ.
అయినా కొళాయి రేపొద్దున్న గానీ రాదు.
ఉన్నదొక్క బిందె.
పారబోసీస్తే ఏటి తాగుతాం?"

ఇరవై నిమిషాలు పారే నీళ్ళ కింద ఉంచాలని
గోడ మీద బొమ్మ అంటించింది నేనే.
ఆ ఇరవై నిమిషాలు ఎన్ని బిందెలో
ఆ రాత్రి దాకా లెక్కేసుకోలేదు.

ఇంకా గంట దాటలేదు.
వార్డు కుళాయి తిప్పాను.
మిగతా ఒంటికి దుప్పటి చుట్టాను,
చిన్న ఒళ్ళు, ఊరికే చలి పట్టేస్తుంది.
చేతి నల్లదారం కత్తిరించబోతే
"దిష్టి తాడమ్మా" అని అడ్డుపడింది.
వాపొస్తే అదే ఉరి తాడు. కత్తిరించేశాను.

సిరా పోయింది, సొన పోయింది,
అప్పుడు మాట్లాడింది కాలిన చోటు.
భుజం దగ్గర వెడల్పు,
మోచేతికొచ్చేసరికి సన్నం,
పక్కన చుక్కలు చుక్కలు.
జారిన గంజి జారినట్టే రాసుకుంటుంది.
ఎర్రగా, తడిగా ఉంది.
గుడ్డ తగిలితే కెవ్వుమన్నాడు.
ఆ కేకకి సంతోషించానంటే తిట్టుకోకండి.
నొప్పి తెలిసే చర్మం బతికున్న చర్మం.
తెల్లగా, తోలులా, ఉలకని గాయానికే
నేను భయపడేది.

ఉలకకపోవడమంటే గుర్తొచ్చింది,
అంతకు రెండు నెలల ముందు, ఏడో నంబరు మంచం.
నాలుగేళ్ళ పిల్ల. పేరు చెప్పను.
తనే వేణ్ణీళ్ళ బకెట్లో దిగిందన్నాడు
తీసుకొచ్చినాయన.
రెండు కాళ్ళకీ ఒకే ఎత్తు,
మేజోళ్ళు తొడిగినట్టు అంచు.
చుక్క చిందిన గుర్తు లేదు.
బీచి ఒడ్డున పెరిగినవాళ్ళం, ఎరుగుదుం,
అల ఇసుక మీద ఎన్నడూ తిన్నగా గీయదు.
వేడి తగిలిన పిల్ల తన్నుకుంటుంది,
బకెట్టే బోల్తా కొడుతుంది.
అంత తిన్నని గీత వెనక
ఒక చెయ్యి ఉందేమోనని అడగాల్సిందే.
ఆయన్నేమీ అనలేదు.
టేపుతో కొలిచాను, కేసు షీటు మీద రాశాను,
డాక్టరమ్మని లేపాను,
పది తొంభై ఎనిమిదికి ఫోను చేశాం.
తెల్లారేదాకా ఆయన చూపు
నా వీపు మీద సలుపుతూనే ఉంది.

ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో నాకు చెప్పరు.
చెప్పకూడదు కూడా.

ఎల్లాజీ పంతొమ్మిది రోజులున్నాడు.
కట్టు మార్చే ముందు నొప్పి మందు,
అది పట్టేదాకా పడవాట.
మోచెయ్యి ముడుచుకుపోతే జీవితాంతం ముడతే,
అందుకని, తెడ్డెయ్యరా, చాచరా,
యారాడ కొండ అందేదాకా చాచు.
మొదట్లో నన్ను కొరికాడు.
పదకొండో రోజున తనే చెయ్యి చాపి
"వల లాగతన్నాను, జరుగు" అన్నాడు.
జరిగాను.

మొన్న ఓపీ గేటు దగ్గర నూకరత్నం కనిపించింది.
పొయ్యి పక్కన మూతేసిన బిందె
ఒకటి విడిగా ఉంచుతోందట.
కొళాయి వచ్చినప్పుడల్లా నీళ్ళు మారుస్తుందట,
ఎవర్నీ తాగనివ్వదట.
"ఏటికత్తా అది?" అని కోడలడిగితే
"ఆకులే" అందట.